కృష్ణా దిగువసీమలో ఎండవాకిటి మొక్కలు



ఈ సాయంకాలము నేను చెప్పదలచినది పంటను గూర్చి కాదు, ఇంటిముందరి మొక్కలను గూర్చి. ఇది తీరికగలవారి ముచ్చట యని కొందరు నవ్వవచ్చును. కాని గుడివాడ చుట్టుపట్ల గాని, బందరు దారిని గాని, అవనిగడ్డ, నాగాయలంకల వైపు గాని ఈ నడుమ పోయి చూచినవారికి సంగతి తెలియును. వరిచేను పూడ్చి, మెరకచేసి, మేడ కట్టుచున్నారు. వెనుకటి యింటికి వేపయో రావియో నీడనిచ్చెడిది. క్రొత్తయింటి వాకిటికి తెల్లవారినది మొదలు ప్రొద్దు క్రుంకువరకు ఎండయే. ఆ వాకిటిని అలంకరించుటకై లారీమీద మొక్కలు దిగును. రెండేండ్లలో సగము చచ్చును. మరల లారీ వచ్చును. ఈ ఖర్చు కూడి కూడి ఒక పాడిగేదె వెలను దాటిన యిండ్లను నేనెరుగుదును.

ఎండకు చచ్చినవని అందరును అందురు. నా మాట వేరు. మన సీమలో మొక్కను చంపునది పైనున్న ఎండ కాదు, క్రిందనున్న నీరును ఉప్పును. ఎండకు నిలుచు మొక్కలు లోకమున కొల్లలు. ఎండను, ఊటను, ఉప్పును, తుపానుగాలిని నాల్గింటిని ఓర్చునవి మాత్రము కొలదిగా నున్నవి. ఎంపిక యక్కడ జరుగవలెను.

వరి విషయమున మనకీ తెలివి తక్కువ లేదు. ఏ చేనికి ఏ విత్తనమో మన తాతలెరుగుదురు. బందరులోని వ్యవసాయ పరిశోధనస్థానమువారు ఉప్పునేలలను తాళు ఎం.సి.ఎం. వరి వంగడములను వెలువరించిరి. చౌటిచేను గలవాడు వానిని అడిగి తెచ్చుకొనును. అట్టివాడే ఇంటిముందరి మొక్కకు వచ్చునప్పటికి పువ్వు రంగు చూచి డబ్బిచ్చును!

మన నేల ఒక్కతీరుగా లేదు. గుడివాడ, నందివాడల వైపు నల్లని బంకమన్ను. వానకు ఉబ్బును, వేసవికి నెరియలు విచ్చును. కొల్లేటికి దగ్గరైన కొలది నీటిమట్టము పైకి వచ్చును. బందరునుండి మంగినపూడి వైపు పోయినచో ఇసుకయు, ఉప్పుగాలియు. దివిసీమ తీరు మరియొకటి. పులిగడ్డవద్ద కృష్ణ పాయలుగా చీలగా, ఆ పాయల నడుమ ఒండ్రుతో పెరిగిన సీమ యది. ఎగువ భాగమున మేలైన నేల, సముద్రమువైపు దిగిన కొలది చౌడు, ఆవల మడయడవులు. 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసి కాలువనీరు పారిననాటినుండి ఈ సీమ బ్రతుకు మారినది. ఆ యానకట్టకు బదులుగా 1957లో ప్రకాశం బారేజి వచ్చినది. కాలువ పారినన్నాళ్లు ఉప్పు అణగియుండును. కాలువ కట్టివేసి ఎండలు ముదిరినప్పుడు, నేలలోని తడి పైకి ప్రాకి ఆవిరియగుచు ఉప్పును పైన విడిచిపోవును. వేసవిలో తెల్లవారుజామున దొడ్డినేలమీద ముగ్గుపిండి చల్లినట్లు కనబడు పొర యదియే.

ఇక నా తప్పు నేను చెప్పుకొనెదను. గుడివాడ ఊరిచివర మేము ఇల్లు కట్టుకొన్నప్పుడు, వీధిగుమ్మమునుండి అరుగువరకు దారికి ఇరువైపుల ఆరేసి చొప్పున పండ్రెండు తూజా మొక్కలు నాటించితిని. మోరుపంఖి యని తోటలవారు పిలుచునది యదే. నెమలిపురివలె విసనకఱ్ఱలుగా ఆకుపెట్టి, దీపపు సెమ్మెవలె కోసుగా నిలుచును. అమ్మినతడు ఎండకు భయము లేదనెను. ఆ మాట నిజమే. మొదటి వేసవి పండ్రెండును పచ్చగా దాటినవి. రెండవ యేటి వానలకు ఒక్కొక్కటి అడుగునుండి ఎరుపెక్కి, కార్తికము నాటికి ఎనిమిది మ్రానులు చీపురుకట్టలైనవి. నీరు చాలలేదని నేను మరింత నీరు పోయించితిని. పెరికి చూడగా వేళ్లు నల్లబడి, పట్టుకొన్నచో తోలు ఊడివచ్చెను. బంకమట్టిలో తీసిన గుంట కుండవలె నీటిని పట్టి, వేరునకు ఊపిరాడనీయలేదు.

బ్రతికిన నాలుగింటిని చూచినప్పుడు నాకు కనువిప్పైనది. అవి దారికి చివర ఒక్కచోటనే యున్నవి. ఇల్లు కట్టునప్పుడు మిగిలిన ఇసుకయు, ఇటుకరద్దును అక్కడ కుప్పపోసి, పైన మట్టి కప్పిరి. తక్కిన నేలకంటె అది అడుగున్నర ఎత్తు. అంతే భేదము. మా పొరుగున నున్న వృద్ధరైతు వచ్చి చూచి, “తాటిచెట్లు గట్టుమీద నిలుచును గాని మడిలో నిలుచునటయ్యా? ఇంత చదివినవాడవు, నన్నొక్కమాట యడుగకపోతివి” అనెను. ఆ మాటకు నావద్ద బదులు లేదు.

కావున మొక్కకై పోవుటకు ముందు గుంట త్రవ్వుడు. వానలు బాగుగా కురిసిన పిమ్మట, మొక్క పెట్టదలచినచోట మూడడుగులు త్రవ్వి, మూతవేసి, మరునాటి యుదయము చూడుడు. అడుగున్నరలోపుననే నీరు నిలిచియున్నచో అక్కడ మెరక చేయక ఏ పొదను నాటరాదు. మెరక యనగా మొక్కకొక్కటి చొప్పున పుట్టలు పోయుట కాదు. వరుస యంతటికి మూడునాలుగడుగుల వెడల్పున, అడుగున్నర రెండడుగుల ఎత్తున గట్టు పోసి, ఇసుకయు, మాగిన పశువుల ఎరువును కలిపి, ప్రక్కన మురుగు పోవుటకు చిన్నకాలువ తీయవలెను.

ఉప్పు సంగతి కొంచెము విడమరచి చెప్పవలసియున్నది. చౌడు రెండు తెగలని రైతులు ఎరిగినదే. పాలచౌడు తెల్లగా పొరకట్టును. మంచినీరు కట్టి, ఆ నీరు క్రిందికి దిగి మురుగుకాలువ వెంట పోవునట్లు చేసినచో చాలవరకు కడిగిపోవును. కారుచౌడు అట్లు కాదు. పైన నల్లగా నుండును, నీరు ఇంకదు, ఎండినచో రాయి. దానికి జిప్సము వేసి కలిపి, తరువాత నీరు కట్టవలెను. జిప్సము లేక ఎంత కడిగినను కారుచౌడు లొంగదు. ఏది యేదియో కంటిచూపున తేల్చుకొనక మట్టిపరీక్షకు పంపుడు. మట్టితోపాటు బోరునీటిని కూడ పంపుడు. కాలువలు కట్టివేసిన నాళ్లలో మొక్క త్రాగునది ఆ నీటినే కదా.

చౌటిగుణమును ముందుగా చాటిచెప్పు పొద యొకటి మన వాకిళ్లలోనే కలదు. అది నూరువరహాలచెట్టు. ఎఱ్ఱని గుత్తులకు ఆశపడి అందరును పెట్టుదురు. కొన్నాళ్లకు లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రము పచ్చగా మిగులును. ఎరువు చాలదని యూరియా చల్లుదురు. లోపము యూరియాది కాదు. క్షారము హెచ్చిన నేలలో ఇనుము ఉండియు వేరునకు అందదు. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేదియు, ఒక గ్రాము నిమ్మఉప్పును కలిపి ఆకులపై చల్లినచో పచ్చన తిరుగును గాని, అది యప్పటి కుపశమనమే. ఆ పొదపై మోజు తీరనివారు ఎఱ్ఱమట్టియు, ఆకు ఎరువును నింపిన పెద్దకుండీలో పెంచుకొనుట మేలు.

ఇక శంకువులు కట్టు చెట్లు, అనగా పైను, దేవదారు, తూజాల జాతివి. అరకులో పైను తోపులు చూచివచ్చినవారికి అట్టివి తమ వాకిట నుండవలెనని పుట్టును. అది సహజమే. కాని అరకు మూడువేల అడుగుల ఎత్తున నున్నది, గుడివాడ సముద్రమట్టముతో ఇంచుమించు సమానము. హిమాలయపు దేవదారు మన ఉక్కకు ఓర్వలేదు. దక్షిణదేశమునకు స్వతస్సిద్ధమైన శంకువృక్షము ఒక్కటే యని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అదియు పడమటి కనుమల చల్లని అడవులలో నుండునదే. ఈ జాతి మనది కాదని దీనినిబట్టియే తెలియుచున్నది.

అయినను బందరువారికి శంకువృక్షము పరిచయము లేనిది కాదు. అది నేలమీదికంటె ముందు బట్టమీదికి వచ్చినది. పారశీకుల అభిరుచికై ఇక్కడ అద్దిన కలంకారీలలో కోసుగా, నిటారుగా నిలిచిన సైప్రసు చెట్టు తరచు కనబడును. వారు దానిని సర్వు అందురు. పెడనలో నేటికిని అద్దకపు అచ్చులమీద పారశీకపు పువ్వులు, తీగెలు చూడవచ్చును. మన సరివి పేరు వినునప్పుడెల్ల నాకా పారశీకపు మాట తలపునకు వచ్చుచుండును.

సరివినే సరుగుడందురు. చూచుటకు పైనువలె సూదియాకులు, చిన్న శంకువులవంటి కాయలు. అయినను అది శంకువృక్షము కాదు, పూచెడి చెట్టే. సూదియాకులని మన మనుకొనునవి కణుపులుగల పచ్చని పుల్లలు. ఆకులు ఆ కణుపులవద్ద పొలుసులై యుండును. ఉప్పుగాలికి, ఇసుకకు దానికి సాటి తక్కువ. వేళ్లలోని సూక్ష్మజీవుల తోడ్పాటున గాలినుండి నత్రజనిని తీసికొనును. పల్లెటూరి దొడ్డికి దక్షిణమునను, తూర్పునను రెండువరుసలు సరుగుడు వేసి, మూడడుగుల ఎత్తున కత్తిరించుచు వచ్చినచో, మెత్తని పచ్చతెరవలె నుండును. సూదియాకు చెట్టు కావలెనను మోజు దీనితో చౌకగా తీరును.

నిజమైన శంకువృక్షములలో మన సీమకు సరిపడునవి రెండు మూడే. తూజా సంగతి చెప్పితిని. మెరకమీద, మురుగులేనిచోట, చౌడు తగులనిచోట అది నిలుచును. అవనిగడ్డ, చల్లపల్లి ఒండ్రునేలలలో గట్టుమీద పెట్టవచ్చును, కోడూరు దిగువ చౌటిలో వలదు. జూనిపెరు కుండీలో నున్నంతకాలము బాగుండును. మూడవది క్రిస్మసుచెట్టని అమ్మునట్టి అరకేరియా. అంతస్తులుగా కొమ్మలు చాచి గోపురమువలె పెరుగును. దాని జన్మస్థలము పసిఫికు సముద్రమందలి నార్‌ఫోకు ద్వీపము. సముద్రపుగాలి దానికి పుట్టింటి గాలియే. మంగినపూడి దారిలోని ఇసుకనేలకు ఇది నప్పును. కాని స్వదేశమున నూరడుగులను మించి పెరుగునని మరువరాదు. ఇంటికి పదియడుగులలో పెట్టినవాడు మనుమనికి తగవు మిగిల్చినవాడగును. ఇంకొక చిత్రము. నార్‌ఫోకు చెట్టని చెప్పి తోటలలో దాని దాయాదియైన కుక్ పైనును ఇచ్చుట కద్దు. అది నిటారుగా పెరుగదు. భూమధ్యరేఖవైపు ఒరుగునని 2017లో వెలువడిన పరిశీలన తెలిపినది. ఉత్తరార్ధగోళమున నున్న మనకు అది దక్షిణమునకు ఒరుగును. చెట్టు ఒరిగినదని కూలివానిని తిట్టనక్కరలేదు.

కోసుగా నుండు రూపమే కావలసినవారికి నరమామిడి చాలును. అశోకమని పొరపాటున పిలుచు ఆ చెట్టులో కొమ్మలు క్రిందికి వ్రేలుచు స్తంభమువలె పెరుగు తెగ యున్నది. బంకమన్నునకు తూజాకంటె అదియే ఓర్పుగలది. అయితే కోనోకార్పసు అను చెట్టును మాత్రము తేవలదు. ఎడారిదేశములనుండి వచ్చి వీధుల నడుమ పచ్చగోడలవలె నిలిచినది, ఉప్పునకు ఓర్చును, ఆ పేరు వినినచో శంకువృక్షమనియే తోచును. వేళ్లు నీటిగొట్టములలోనికి, మురుగుకాలువలలోనికి దూరునని, పుప్పొడి ఉబ్బసపువారిని బాధించునని ఆరోపణలు వచ్చి, గుజరాతు ప్రభుత్వము 2023లో దానిని నాటరాదని శాసించినది.

పూలపొదలకు వచ్చెదను. ఇక్కడ మనకు కరవు లేదు. ఉప్పునేల కావలసినవారికి మొదటి పేరు గన్నేరు. ఎండ ఎంత యుండిన అంత పూయును, చౌటికి జంకదు, పశువు ముట్టదు. రెండవది కాగితపుపూలచెట్టు. బ్రెజిలుదేశమునుండి వచ్చినది. నీరు ఎక్కువైనచో ఆకే పెట్టును, ఎండగట్టినచో పూయును. కావున దానికి కూడ గట్టే తావు. గోరింట మన పాతకంచె. చక్కగా కత్తిరించినచో ఏ విదేశపు పొదకును తీసిపోదు, సాయంకాలము దాని పూతవాసన వీధియంత వ్యాపించును. ఆడబిడ్డలున్న ఇంట దాని యుపయోగము నేను చెప్పనక్కరలేదు. రత్నగంధి గింజ వేసిననే మొలచి ఏడాదిలో పూయును. నందివర్ధనము ఒంటిరేకదియైనను ముద్దదియైనను, గట్టుమీద పెట్టినచో గుడివాడ బంకమట్టిలో చక్కగా పెరుగును. పూజకు ఉదయమే పూలు సిద్ధము. మందారము చౌటిని ఓర్వదు, మంచినేలనే ఇండు, పిండినల్లి పట్టకుండ కనిపెట్టుడు. గులాబిని గూర్చి అడుగువారికి నా సలహా కుండీయే. దివిసీమ దిగువ ఊళ్లలో చెట్టంతటి నీడ కావలెనన్నచో పొన్నయు, గంగరావియు తీరపు చెట్లు. ఉప్పు వానికి క్రొత్త కాదు.

గన్నేరును మెచ్చుకొన్న నోటనే ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. దాని వేరు, ఆకు, పువ్వు, పుల్ల అన్నియు విషమే. గుండెపై పనిచేయు విషము. పచ్చగన్నేరు కాయలోని గింజ మరియు ఘోరము. పచ్చియాకును పశువు ముట్టకున్నను, కత్తిరించి పారవేసిన కొమ్మలు వాడి గడ్డితో కలిసినప్పుడు తినును. కావున పశువులపాక దగ్గర, గడ్డివామి దగ్గర దీనిని పెట్టకుడు. కత్తిరించిన కొమ్మలను పొయ్యిలోనికి వాడకుడు, పొగ కూడ హానియే. చిన్నపిల్లలు ఆడు వాకిటను పచ్చగన్నేరు బొత్తిగా వలదు. వీధిప్రక్క వెలిగోడ వెంట ఎఱ్ఱగన్నేరు పెట్టి, లోపలివైపున నందివర్ధనము పెట్టుట మంచి యమరిక.

గాలి సంగతి మన సీమలో పెద్దలకు చెప్పుట సాహసమే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి ముప్పదివేలమందిని పొట్టన పెట్టుకొన్నది. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ సంగతి మీలో చాలమంది కన్నులార చూచినదే. పదివేలమందికి పైగా పోయిరి. చెట్టును కౌగిలించుకొని ప్రాణము దక్కించుకొన్నవారును, చెట్టు పైబడి పోయినవారును ఆ రాత్రి ఇరువురును కలరు. 1990 మే నెలలో మరల కృష్ణ ముఖద్వారమువద్దనే తుపాను తీరము దాటినది. ఇంటిముందర ఏమి పెట్టవలెనను మాటలో ఇదియు ఒక భాగమే. నిద్రగన్నేరు, తురాయి కంటికి ఇంపైనవే గాని, వేళ్లు పైపైన ప్రాకును, కొమ్మలు పెళుసు. ఇంటి ఎత్తునకు మించి పెరుగు చెట్టును దాని పూర్తి ఎత్తంత దూరమున గాని నాటరాదు. అంత స్థలము లేనివారికి పొదలే శరణ్యము. ఆరడుగులలోపు పొద గాలికి వంగును, చీలినను మరల చిగిర్చును, ఎవరి కప్పును కూల్చదు. తుపాను తిరిగినప్పుడు గాలి దిక్కు మార్చును గనుక, ఒక్కవైపు ఊతకఱ్ఱ చాలదు. తూజాకు గాని అరకేరియాకు గాని మూడువైపుల ఊతము కట్టి, భాద్రపదములోనే లోపలి ఎండుపుల్లలు తీసి గాలి దూరునట్లు చేయవలెను.

నాటు కాలము నేలనుబట్టి. చౌటినేలలలో రెండు మూడు మంచివానలు ఉప్పును దించిన తరువాత, శ్రావణమున నాటుడు. గుడివాడ వైపు బంకపల్లములలో తొందరపడక, తుపానుల కాలము దాటి నీరు తీసిన పిదప, మార్గశిరమున నాటుడు. నిలువెత్తు మొక్కను కొనకుడు. మూరెడు మొక్క మూడేండ్లలో దానిని దాటిపోవును. మట్టిముద్దలోని వేళ్లు గుండ్రముగా చుట్టుకొనియున్నచో వ్రేళ్లతో విడదీసి నాటుడు. గుంటలో మెడవరకు పూడ్చక, మట్టిముద్ద పైభాగము నేలకు రెండంగుళములు ఎత్తుగా నుండునట్లు చూడుడు. మొదటి వేసవిలో మొదట ఊకయో ఎండుగడ్డియో కప్పినచో, తడి నిలుచుటయే కాక ఉప్పు పైకి తేలుటయు తగ్గును.

మా యింట ఆ నాలుగు తూజాలును ఇప్పుడు అరుగు ఎత్తును దాటినవి. ఎనిమిది పోయినచోట పొడవున గట్టు పోసి, ఆరు నందివర్ధనములును, గుమ్మమువద్ద రెండు గోరింటలును పెట్టించితిని. గట్టు పోయించినది ఆ పొరుగు పెద్దయే. కూలివాండ్రకు దగ్గరనుండి ఎత్తు కొలిచి చూపినాడు. గోరింట కొమ్మలు మాత్రము తన యింటిపెరటినుండి తెచ్చి నాటించి, పైకము పుచ్చుకొనలేదు.